ఇద్దరు చిన్నపిల్లలతో హోమ్ సర్వీస్ నెయిల్స్ పని మొదలుపెట్టాను: నా అనుభవం

మా బాబుకు ఏడాది నిండాక, మళ్ళీ నా చేతికంటూ నాలుగు డబ్బులు రావాలని గట్టిగా అనిపించింది. పెళ్ళికి ముందు కూకట్‌పల్లిలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ చేసేదాన్ని. వస్తే తీసుకుంటామని వాళ్ళు అన్నారు కూడా. కానీ పొద్దున పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా అక్కడే ఉంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? పాప యూకేజీ, మధ్యాహ్నం మూడున్నరకు స్కూల్ ఆటో దిగుతుంది. మా ఆయన క్యాబ్ నడుపుతారు, ఆయనకు వేళాపాళా ఉండదు. అమ్మ ఖమ్మంలో నాన్నను చూసుకుంటోంది. అత్తయ్యగారు ఊరు వదిలి రాలేరు. నిజాంపేటలో అద్దె ఇంట్లో ఉండే నాకు కావాల్సింది ఒక్కటే: వంట, స్కూల్ హడావుడి అయ్యాక మొదలై, పాప వచ్చేలోపు ముగిసే పని. పైగా షాపు అద్దె ఉండకూడదు.

టైలరింగ్ ఆలోచించాను. పాకే పిల్లాడున్న ఇంట్లో సూదులు, కత్తెరలు వద్దనుకున్నాను. బ్యూటీ పార్లర్లు మా వీధికి రెండున్నాయి. నెయిల్ ఎక్స్‌టెన్షన్లకు, అంటే గోళ్ళు పొడుగ్గా కనిపించేలా పైన కట్టే కృత్రిమ గోళ్ళకు మాత్రం మా వైపు ఆడపిల్లలు మాల్స్‌కి వెళ్తున్నారు. ఇంటికొచ్చి చేసేవాళ్ళు కావాలని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవాళ్ళు. అక్కడే నా ఆలోచన మొదలైంది.

కూకట్‌పల్లిలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఫీజు 22 వేలు, చీటీ పాట డబ్బుతో కట్టాను. ముద్ర లోన్‌లో శిశు కేటగిరీ కింద 50 వేల దాకా ఇస్తారని తెలుసు. కానీ చేతికి పని రాకముందే నెలనెలా కిస్తీ కట్టడం నాకు ఇష్టం లేకపోయింది. క్లాసులు వారానికి మూడు రోజులు. బాబును పక్క పోర్షన్‌లో ఉండే పిన్నిగారి దగ్గర వదిలేదాన్ని. ఆమె డబ్బు తీసుకోనన్నారు, "మనవడిని చూసినందుకు డబ్బులేంటమ్మా" అని. నేను ఒప్పుకోలేదు. ఊరికే చూస్తే ఒకరోజు ఆలస్యమైనా నాకు మనసు పీకుతుంది, ఆమెకు ఒంట్లో బాగాలేకపోయినా చెప్పడానికి మొహమాటపడతారు. నెలకు ఇంత అని మాట్లాడుకున్నాం. ఆ మాట ముందే తేల్చుకోవడం వల్లే ఇప్పటికీ మా మధ్య ఏ ఇబ్బందీ లేదు. ఈ పనిలోకి రావాలనుకునే తల్లులు కిట్ కంటే ముందు ఈ సంగతి తేల్చుకోవాలని నా నమ్మకం.

ఇక పని సంగతి. బయటి నుంచి చూస్తే రంగులు, మెరుపులు, డిజైన్లు కనిపిస్తాయి. నిజానికి పనంతా రంగు వేయకముందే ఉంది. గోటి మొదట్లో చర్మాన్ని పుషర్‌తో మెల్లగా వెనక్కి నెట్టాలి. అప్పుడు గోరుకు అంటుకుని ఒక సన్నటి పొర కనిపిస్తుంది, దాన్ని గీరి తీసేయాలి. 180 గ్రిట్ (గరుకు కొలత) ఉన్న గోళ్ళ ఫైల్‌తో పైపైన మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దాలి. దుమ్ము దులిపి, గోటి మీద తేమ, జిడ్డు తీసే డీహైడ్రేటర్, పూత అంటుకునేలా చేసే ప్రైమర్ రాసి అప్పుడు బేస్ కోట్, అంటే మొదటి పూత. ఆ పొర ఉండిపోయినా, గోటి మీద జిడ్డు ఉన్నా చెమ్మ గోడకు రంగు వేసినట్టే, వారం తిరక్కుండా అంచు లేస్తుంది. ఆ లేచిన సందులోకి నీళ్ళు చేరితే గోరు పచ్చబడుతుంది. అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది. గోరు అలా కనిపిస్తే నేను పైన ఏమీ వేయను, తీసేసి డాక్టర్‌కి చూపించుకోమంటాను.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడేది జెల్ చర్మానికి తగలకుండా చూడటంలో. బ్రష్ మీద చిన్న బొట్టు తీసుకుని గోటి మధ్యలో పెట్టి, చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆపి, కిందికి లాగుతాను. కాస్త పక్కకు జారినా, జెల్‌ను గట్టిపరిచే యూవీ లాంప్‌లో చేయి పెట్టకముందే పుల్లతో చుట్టూ తుడిచేస్తాను. ఎందుకంటే గట్టిపడని జెల్ పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ వస్తుంది. వేళ్ళ చివర్లు దురద పెట్టి పగులుతాయి. ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉండిపోవచ్చు, రేపు పంటికి వేయించుకునే ఫిల్లింగ్‌తో కూడా ఇబ్బంది రావచ్చు. చాలా జెల్స్‌లో ఉండే హెమా అనే పదార్థం దీనికి ముఖ్య కారణం. యూరప్‌లో హెమా ఉన్న నెయిల్ ఉత్పత్తులను శిక్షణ ఉన్నవాళ్ళే వాడాలని నియమం పెట్టారు. జెల్ లాంప్ కింద గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే ఇంకో పదార్థాన్ని 2025 సెప్టెంబర్ 1 నుంచి అక్కడ పూర్తిగా ఆపేశారు. మనకు అలాంటి పట్టింపు ఇంకా కనిపించదు కాబట్టి సీసా మీద ఏముందో చదవాల్సింది మనమే. రోజూ ఆ జెల్ మధ్య ఉండేది కస్టమర్ కాదు, మనం. పిల్లలకు అన్నం కలిపి పెట్టే చేతులివి. నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా నేను సీసా మూత కూడా తీయను.

కిట్‌కి సుమారు 14 వేలు అయింది. ఫైళ్ళు, టిప్స్ (గోటి చివర అతికించే ప్లాస్టిక్ గోళ్ళు), కాటన్, ఫాయిల్ లాంటివి బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకున్నాను. జెల్స్, లాంప్ మాత్రం ఒకే కంపెనీవి, బిల్లుతో కొన్నాను. లాంప్‌కి, జెల్‌కి జత కుదరకపోతే పైన గట్టిపడినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటుంది. పొడితో కలిపి గోరు కట్టే అక్రిలిక్ లిక్విడ్ మరీ చౌకగా ఇస్తామంటే నేను తీసుకోను. చౌక రకాల్లో ఎంఎంఏ ఉండొచ్చు, కట్టుడు పళ్ళ తయారీలో వాడే పదార్థం. ఘాటైన వాసన, రాయిలా గట్టిపడుతుంది. దేనికైనా తగిలితే పైది విరగదు, అసలు గోరే లేచి వస్తుంది. అమెరికాలో 1970ల్లోనే దాని మీద చర్యలు తీసుకున్నారు.

ఇంట్లో ఈ సరుకంతా ఎక్కడ పెట్టాలన్నది నాకు పెద్ద టెన్షన్. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. వంటగదిలో గానీ, దీపం పెట్టే చోట గానీ ఉంచకూడదు. టిప్స్ అతికించే గమ్ ఇంకో ప్రమాదం. అది కాటన్ బట్ట మీద ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. పిల్లలకు వేసేవన్నీ కాటన్ బట్టలే కదా. బీరువా పై అరలో తాళం వేసిన డబ్బా పెట్టాను. తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంటుంది. ఫైలింగ్ ప్రాక్టీస్ అంతా బాల్కనీలో, మాస్క్ పెట్టుకుని. ఇంటికొచ్చాక బట్టలు మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే బాబును ఎత్తుకుంటాను. వాడు ఏడ్చినా సరే, ఆ రెండు నిమిషాలు ఆగాల్సిందే.

మొదట చెల్లెలికి, పిన్నిగారి కోడలికి, మా ఫ్లోర్‌లో ఇద్దరికి సరుకు ఖర్చు మాత్రమే తీసుకుని చేశాను. ఫొటోలు తీసి స్టేటస్‌లో పెట్టాను. ఆ ఇద్దరిలో ఒకావిడ తన ఆఫీసులో చెప్పడంతో బయటి ఫోన్లు మొదలయ్యాయి.

అప్పుడే రెండు విషయాలు గట్టిగా అనుకున్నాను. ఒకటి, ఏ ఏరియా దాకా వెళ్ళాలి. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి, కేపీహెచ్‌బీ, మియాపూర్, హఫీజ్‌పేట వరకే. కోకాపేట నుంచి ఎక్కువ డబ్బిస్తామన్నా వెళ్ళను, స్కూల్ నుంచి ఫోన్ వస్తే అరగంటలో చేరుకోలేను. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకపోవడం నాకెంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. రాను పోను ఆటోలకే పోయే డబ్బు అలా మిగిలింది. కిట్ బరువుగా ఉంటుంది కాబట్టి ట్రాలీ బ్యాగ్ కాకుండా వీపుకు తగిలించుకునేది కొన్నాను. రద్దీ బస్సులో రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

రెండోది రేటు. ఎక్స్‌టెన్షన్ వేయడానికి రెండు గంటలు. దానికి ముందు బ్యాగ్ సర్దడం, ప్రయాణం, గేటు దగ్గర ఆగడం, తిరిగొచ్చాక పరికరాలు సబ్బుతో కడిగి స్పిరిట్‌లో నానబెట్టడం. అంటే ఒక్క కస్టమర్‌తో నా పూట అయిపోతుంది. అందుకే ఎక్స్‌టెన్షన్‌కి 1,500, జెల్ పాలిష్‌కి 600, తీయడానికి 300 అని పెట్టాను. "ఇంట్లో ఉండేదానివేగా, తగ్గించు" అన్నవాళ్ళున్నారు. తగ్గించలేదు. ఆ పూట నేను పిల్లలకు దూరంగా ఉండి చేస్తున్నాను, దానికి తగ్గ డబ్బు రావాలి. ఒకసారి బాచుపల్లి దాకా వెళ్ళాక గేటు దగ్గర ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత నుంచి 200 అడ్వాన్స్ ఫోన్‌పే చేస్తేనే స్లాట్ రాస్తున్నాను.

గేటెడ్ కమ్యూనిటీల్లో లోపలికి వెళ్ళడం ఒక పని. యాప్‌లో కస్టమర్ ఓకే చేసేదాకా సెక్యూరిటీ వదలరు. ఒకచోట బ్యాగ్ మొత్తం విప్పించి, సర్వీస్ లిఫ్ట్‌లోనే వెళ్ళమన్నారు. చెత్త డబ్బాల పక్కన నిలబడి వెళ్ళాను. చాలా బాధేసింది. లోపలికెళ్ళాక ఆ కస్టమర్‌కి ఆ మాట చెప్పాను. ఆవిడ అప్పటికప్పుడే అసోసియేషన్ వాళ్ళకు ఫోన్ చేశారు. మళ్ళీ వెళ్ళినప్పుడు మామూలు లిఫ్ట్‌లోనే పంపారు. ఇలాంటివి మనసులో పెట్టుకోకుండా చెప్పాలి, వినేవాళ్ళు ఉంటారు.

నా కస్టమర్లలో చాలామంది నాలాగే చిన్నపిల్లల తల్లులు. బయటికి వెళ్ళలేకే నన్ను పిలుస్తారు. ఒళ్ళో బిడ్డ నిద్రపోతుంటే ఒక చేయి నాకిచ్చి కూర్చుంటారు. పాలిచ్చే తల్లి ఉన్న ఇంట్లో ముందు కిటికీలన్నీ తీయమంటాను, బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టమంటాను. పొడుగు గోళ్ళు అడిగితే వద్దని చెప్తాను. పసిబిడ్డ ఒంటికి గీరుకుంటుంది, స్నానం పోసేటప్పుడు మరీ. పొట్టిగా, గుండ్రంగా జెల్ పాలిష్ వేస్తే చూడ్డానికీ బాగుంటుంది. నెలలు నిండుతున్నవాళ్ళకైతే అసలు ఏమీ వేయొద్దంటాను. ఆసుపత్రిలో వేలికి ఆక్సిజన్ క్లిప్ పెడతారు, గోటి మీద రంగు ఉంటే తీసేయమంటారు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు క్యూటికల్ (గోటి మొదట్లో చర్మం) కత్తిరించను, పుండు పడితే త్వరగా మానదు.

మన దగ్గర ఈ పని ముహూర్తాలను బట్టి నడుస్తుంది. మూఢం వచ్చిందంటే ఫోన్ మోగదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, పైగా అందరూ గోరింటాకు పెట్టుకుంటారు, అది తగిలితే లేత రంగు జెల్ నారింజ రంగుకు తిరిగిపోతుంది. శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళు, అన్నీ ఒకేసారి. పెళ్ళికూతురు అడిగితే మెహందీకి ముందురోజు నెయిల్స్ చేయించుకోమంటాను. మెహందీ పెట్టాక అసిటోన్ తగిలితే పండిన రంగు తగ్గుతుంది.

ఖాళీగా ఉండే నెలల్లో నన్ను నిలబెట్టింది ప్రెస్ ఆన్ నెయిల్స్, అంటే కావాల్సినప్పుడు అతికించుకుని తీసేసే గోళ్ళు. హఫీజ్‌పేటలో ఒక ముస్లిం కుటుంబం పెళ్ళికి పిలిచినప్పుడు ఆ ఆలోచన వచ్చింది. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు, అంటే చేతులు, ముఖం, కాళ్ళు శుభ్రం చేసుకునేటప్పుడు గోటికి నీళ్ళు తగలాలి కాబట్టి పర్మనెంట్‌వి వద్దన్నారు. వేళ్ళ కొలతలు తీసుకుని ఇంట్లోనే సెట్ తయారుచేసి ఇచ్చాను. ఫంక్షన్‌కి అతికించుకుని తర్వాత తీసేస్తారు. అప్పటి నుంచి పిల్లలు పడుకున్నాక బాల్కనీ తలుపు వేసుకుని సెట్లు చేస్తున్నాను. బస్సు ఎక్కక్కర్లేదు, ఎవరికీ పిల్లల్ని అప్పగించక్కర్లేదు.

పిల్లలకు జ్వరం వస్తే ఎలా? ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. నాతోపాటు నేర్చుకున్న ఒక అమ్మాయి మియాపూర్‌లో ఉంటుంది, ఆమెకూ ఒక పాప. ఎవరు వెళ్ళలేకపోతే రెండోవాళ్ళు వెళ్ళాలని ముందే మాట్లాడుకున్నాం. ఇద్దరం ఒకే రకం జెల్స్ వాడతాం, ఒకే రేటు. డబ్బు వెళ్ళి చేసినవాళ్ళదే, కస్టమర్ మాత్రం మొదట పిలిపించుకున్నవాళ్ళకే ఉంటుంది. ఒక పెళ్ళికూతురి బుకింగ్ రోజు పొద్దున్నే బాబు ఒళ్ళు కాలిపోతోంది. ఫోన్ చేయగానే ఆ అమ్మాయి పాపను వాళ్ళ అమ్మకిచ్చి వెళ్ళింది. నేను బాబును ఎత్తుకుని డాక్టర్ దగ్గర లైన్‌లో కూర్చున్నాను. ఆ ఒప్పందం లేకుంటే నేను ఈ పనిలో ఉండేదాన్ని కాదు.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్‌తో పూర్తి ఉచితం. ఫోన్‌లోనే అయిపోతుంది, మధ్యలో ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. సేవలకు ఏడాది ఆదాయం 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు కాబట్టి ఆ గొడవ ఇప్పట్లో లేదు.

ప్రస్తుతం సోమవారం నుంచి శుక్రవారం దాకా పదింటి నుంచి రెండున్నర వరకు పని. శనివారం మా ఆయన ఇంట్లో ఉంటేనే. ఆదివారం పెళ్ళయినా తీసుకోను. వచ్చే జూన్‌లో బాబును నర్సరీలో వేస్తాం. ఇప్పుడు పిన్నిగారికి ఇస్తున్న డబ్బు కొంత మిగులుతుంది, దాంతో పరికరాలు శుద్ధి చేసే చిన్న ఆటోక్లేవ్ కొనాలని ఉంది. పిన్నిగారు మాత్రం స్కూల్ అయ్యాక వాడు తన దగ్గరికే రావాలని ఇప్పటి నుంచే చెప్తున్నారు.