తహసీల్దారా, తహశీల్దారా?

ఆఫీసు బోర్డు మీద ‘తహశీల్దార్’ అని ఉంటుంది. అదే ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ కింద రబ్బరు స్టాంపులో ‘తహసీల్దార్’. గేటు బయట అర్జీలు రాసిపెట్టేవాళ్ల నోట ‘తాసీల్దారు గారు’. వీటిలో నేను తప్పనేది ఒక్క బోర్డునే.

తహసీల్ అరబ్బీ మాట, రాబట్టడం అని అర్థం. దార్ పారశీకం, అంటే కలిగినవాడు. జమీందారు, హవల్దారుల్లో ఉన్న దారే ఇదీ. తహసీల్ నడిమి అక్షరం అరబ్బీలో ‘సాద్’. ఉర్దూలో దాన్ని స అనే పలుకుతారు, శకారానికి ‘షీన్’ వేరే ఉంది. అరబ్బీ రాకపోయినా ఫర్లేదు, మన మాటల్లోనే సాక్ష్యం దొరుకుతుంది. పంట దిగుబడిని మహసూలు అంటాం కదా, అదీ ఈ ధాతువే. వసూలు ధాతువు వేరైనా అందులోనూ సాదే. వశూలు అని ఎవరైనా రాస్తారా?

మరి శ ఎలా దూరింది? వెనకున్న ‘ఈ’ వల్ల. ఈ పలకాలంటే నాలుక అంగిలి వైపు లేవాలి, లేస్తూ ముందున్న హల్లునూ లాక్కెళుతుంది. చాప, చీమ అని పైకి అని చూడండి. మొదటి చ పళ్ల దగ్గర, రెండోది అంగిలి దగ్గర. సీ కూడా అలాగే శీ వైపు జారింది. వసూలు, మహసూలుల్లో వెనకున్నది ఊ, అందుకే వాటిలో స చెక్కుచెదరలేదు. ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు, పారశీక షీషా మన దగ్గర సీసా అయింది మరి. దీనికి తోడు శ రాస్తే శుద్ధంగా ఉంటుందన్న భ్రమ ఒకటి. సీతాఫలాన్ని శీతాఫలం చేసేదీ ఆ భ్రమే.

తాసీల్దారును మాత్రం వెక్కిరించకండి. పహరా పారా అయినట్టే అక్కడా హ కరిగిపోయింది. తమిళులైతే రాతలోనే తాసిల్దార్ అంటారు. మనం రాసేటప్పుడు హ ఉంచి, సీకి దీర్ఘం ఇస్తే చాలు. తెహసీల్దార్ హిందీ ఉచ్చారణ. హకారం ముందు అ వాళ్ల నోట ఎ వైపు వంగుతుంది, షహర్ షెహెర్ అయినట్టు.

1985లో మండలాలు వచ్చినప్పుడు ఆ కుర్చీ పేరు మండల రెవెన్యూ అధికారి. తర్వాత తహసీల్దారు పేరు తిరిగొచ్చినా ఊళ్లలో ఇంకా ఎమ్మార్వోనే.

కంప్యూటర్లో పాత ఉత్తర్వులు వెతికేవాళ్లకు ఈ గొడవ నిజంగా తగులుతుంది. స కొడితే శ ఉన్న కాగితం రాదు. అందుకని మాట మొత్తం కొట్టకుండా ‘ల్దా’ అని వెతకండి, పైన చెప్పిన రూపాలన్నీ దొరుకుతాయి. హవల్దార్లూ వస్తారనుకోండి, ఓర్చుకోవాలి. ద ఒత్తు పడకుండా ‘ల్‌దా’ అని విడదీసి టైపు చేసినవి మాత్రం తప్పించుకోవచ్చు. ల్‌కీ దకీ మధ్య కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, వాటికోసం ఇంకోసారి ‘దార్’ అనీ, ‘దారు’ అనీ వెతకాలి.