లెక్కల సారు, 36 టర్నులు

పాత విద్యార్థుల కలయిక కోసం పదో తరగతి జ్ఞాపకాలు రాయమని కమిటీ అడిగింది. ఛాయా సోమేశ్వరాలయం పిక్నిక్ గురించి లంబు రాస్తాడు, వార్షికోత్సవం గొడవ బి సెక్షన్ వాళ్లు ఎలాగూ వదలరు. నేను మాత్రం శనివారం మధ్యాహ్నాల కంప్యూటర్ ల్యాబ్ గురించే రాస్తాను.

మనం ఆడింది టర్ను తర్వాత టర్ను రాజ్యాన్ని పెంచే కంప్యూటర్ గేమ్ సివిలైజేషన్ 4, దానికి 2007లో వచ్చిన అదనపు భాగం బియాండ్ ద స్వోర్డ్‌తో. లెక్కల సారు మౌస్ ముట్టుకునేవారు కాదు, వెనక నిలబడి చూసేవారు. మొదటిసారి గోల్డెన్ ఏజ్ (కొన్ని టర్నుల పాటు రాజ్యం రాబడి పెరిగే స్వర్ణయుగం) రాగానే మనమంతా అరిచాం. సారు అడిగింది ఒక్కటే: "ఎన్ని టర్నులుంటదిరా ఇది?"

ఎనిమిది సార్.

"పెంచే దారేంది?"

ఆ రోజు బోర్డు నిండిపోయింది. మౌసోలియం అనే వండర్ (గేమ్‌లో అద్భుత కట్టడం) కడితే ప్రతి గోల్డెన్ ఏజ్ సగం పెరిగి 12 టర్నులవుతుంది. మొదటిదానికి ఒక గ్రేట్ పర్సన్ (పాయింట్లు పోగైతే పుట్టే ఆర్టిస్టు, ఇంజనీరు లాంటి మహావ్యక్తి)ని ఖర్చు పెడితే చాలు. రెండోదానికి ఇద్దరు కావాలి, అదీ వేర్వేరు రకాల వాళ్లు. తాజ్ మహల్ కడితే వచ్చే గోల్డెన్ ఏజ్ ఈ లెక్కలోకి రాదు. అంటే ముగ్గురు మనుషులు, తాజ్, మౌసోలియం ఉంటే మూడు గోల్డెన్ ఏజ్‌ల 24 టర్నులు కాస్తా 36. క్యాషియర్ గాడు మౌసోలియం దండగ, సైన్యం పెంచుదామన్నాడు. "పాలరాయి ఉందా?" అన్నారు సారు. ఉంది. పాలరాయి ఉంటే ఆ రెండు వండర్లూ రెట్టింపు వేగంతో లేస్తాయి. వాదన అక్కడితో అయిపోయింది.

అసలు తెలివి ఆ తర్వాత చూపించారు. గోల్డెన్ ఏజ్ నడుస్తున్నప్పుడు గ్రేట్ పర్సన్ పాయింట్లు రెట్టింపు వస్తాయి. "ఈ 12 టర్నులల్లనే తర్వాతోడు పుట్టాలె" అన్నారు. అందుకే గేమ్‌లో మ్యూజిక్ అనే విద్యను అందరికన్నా ముందు నేర్చుకుని ఉచితంగా వచ్చే గ్రేట్ ఆర్టిస్టును దాచిపెట్టాం. ప్రభుత్వ పద్ధతి మారిస్తే మామూలుగా అరాచకం వచ్చి టర్నులు వృథా అవుతాయి, గోల్డెన్ ఏజ్‌లో రాదు; అందుకే మార్చాల్సినవన్నీ ఆ టర్నుల్లోకే తోశాం. నాకు త్రైరాశికం నిజంగా అర్థమైంది ఆ ల్యాబ్‌లోనే.

తర్వాత పబ్లిక్ పరీక్షలు, ఇంటర్, డిగ్రీ, పెళ్లి. ఇప్పుడు మిర్యాలగూడలో సొంత రైస్ మిల్లు. యాసంగి వడ్లు రాకముందే గోనె సంచులు, హమాలీలు, లారీలు మాట్లాడి పెట్టుకుంటాను. సీజన్‌లో మిల్లు ఆగదు. మా నాన్న ఒకరి మిల్లులో గుమాస్తాగా పనిచేసేవారు, మీకు తెలుసు.

సారు వస్తున్నారని కమిటీ చెప్పింది. లాప్‌టాప్ తెస్తున్నాను. మూడో గోల్డెన్ ఏజ్‌కు మూడు రకాల వాళ్లు కావాలి కదా, అప్పట్లో మన వల్ల కాలేదు. ఇంజనీరు, మర్చంట్, సైంటిస్టు ముగ్గురినీ కూడబెట్టి, తాజ్‌తో కలిపి నాలుగు గోల్డెన్ ఏజ్‌లతో 48 టర్నులు లాగాను. సారుకు ముందు అదే చూపిస్తాను. క్యాషియర్, నువ్వు పక్కనుండాలి.