సిరొంచ ఎండల అంటార్కిటికా ముచ్చట

నిన్న మధ్యాహ్నం కరెంట్ పోయింది, కూలర్ బంద్, ప్రాణహిత దిక్కు నుంచి వడగాలి, నేనేమో ఫోన్ల అంటార్కిటికా గురించి చదువుకుంట కూసున్న. బాపు వచ్చి ఏం జూస్తున్నవ్‌రా అంటే మంచు అన్న. "ఆడ వానలు బాగ పడ్తయా?" అన్నడు.

అసలు కతనే గది. ఆడ పడుడే తక్కువ, నడిమిట్ల ఏడాదికి 5 సెంటీమీటర్ల నీళ్లంత కూడ పడదు, లెక్కకైతే అది ఎడారి, కాని పడ్డది కరగదు గద, లక్షల ఏండ్ల సంది పేరుకుంట పేరుకుంట సగటున 2 కిలోమీటర్ల మందం అయింది. ఆ ఎత్తుకే ఇంకింత చలి, పైంగ తెల్లటి మంచు ఎండను వాపస్ కొడ్తది. 1983 జులై 21న ఆడ నడిమిట్ల ఉన్న రష్యావోళ్ల పరిశోధన స్టేషన్ వోస్తోక్‌ల మైనస్ 89.2 డిగ్రీలు! ఆ చల్లగాలి బరువెక్కి మంచుగడ్డ మీదికెళ్లి సముద్రం దిక్కు జారుతది, తుఫాన్ లెక్క. మనోళ్ల మైత్రి, భారతి స్టేషన్లు నడిమిట్ల కాదు, అంచు దిక్కే ఉన్నయ్.

బాపు అంత ఇని, నిమ్మరసం గిలాసల ఐస్ ముక్క దిక్కు జూసిండు, అప్పటికే సగం కరిగింది.

"ఒక్క కిలోమీటర్ ముక్క మనకు తెప్పియ్యరాదురా" అన్నడు.