చెవి పైకుట్టు: సంక్రాంతి నుంచి శ్రావణం దాకా

సంక్రాంతి అయ్యాక రెండు తమ్మెలకూ రెండో కుట్టు, కుడిచెవి పైన మెత్తటి ఎముకకు ఒక కుట్టు వేయించుకున్నాను. తమ్మెలు మానాయి. పైకుట్టు ఇంకా మానుతూనే ఉంది. అనంతపురం ఎండలో, దుమ్ములో, బోరు నీళ్లతో దాన్ని ఎలా కాపాడుకొస్తున్నానో రాస్తున్నా.

చెవులు కుట్టే గన్ వద్దని ముందే అనుకున్నా. అది మొద్దు కాడను బలంగా గుచ్చుతుంది, ఎముక దగ్గర దెబ్బ ఎక్కువ. పైగా ప్లాస్టిక్ గన్‌ను ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, 121 డిగ్రీల దగ్గర పెట్టడం కుదరదు. అందుకే బెంగళూరు వెళ్లి, బోలు సూదితో కుట్టేవాళ్ల దగ్గర చేయించుకున్నా. పెట్టింది ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం, అంటే ఒంట్లో అమర్చడానికి వాడే రకం. వాపుకు చోటు ఉండాలని కాడ కాస్త పొడవుగా పెట్టారు.

మొదటి వారం: వాపు, వేడి, కాడ చుట్టూ పలచటి నీరు. అది ఎండి పసుపుపచ్చ పక్కు కడుతుంది. ఇది చీము కాదు, టెన్షన్ పడొద్దు. గోటితో గిల్లకూడదు. మెడికల్ షాపులో 0.9 శాతం సెలైన్, 100 మిల్లీలీటర్ల సీసా దొరుకుతుంది. దాంతో గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పలచటి గుడ్డ) తడిపి, పక్కు నానేదాకా ఆనించి ఉంచితే దానంతట అదే వస్తుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. దూది వాడొద్దు, పోగులు కాడకు చుట్టుకుంటాయి. తెరిచిన సీసా మరుసటి రోజుకు దాచొద్దు.

అవ్వ పసుపు, కొబ్బరినూనె కలిపి తెచ్చింది. వాళ్ల కాలంలో కమ్మ తీశాక కుట్టు పూడకుండా వేపపుల్ల పెట్టుకునేవాళ్లట. అవ్వ మీద నాకు ప్రేమ, కానీ పచ్చి గాయంలో నూనె వేస్తే దుమ్ము అంటుకుంటుంది, గాలాడదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, కొత్తగా వచ్చే చర్మాన్నే చంపుతాయి. పక్కింటి అత్త "రోజూ కమ్మ తిప్పమ్మా, లేకుంటే అతుక్కుపోతుంది" అంది. అతుక్కోదత్తా, తిప్పితే లోపల పుండు మళ్లీ రేగుతుంది అని చెప్పా. ముట్టుకోకుండా ఉండటమే అన్నిటికంటే పెద్ద మందు.

శివరాత్రి నాటికి వాపు తగ్గింది. మళ్లీ బెంగళూరు వెళ్లి పొట్టి కాడ వేయించా. దీన్ని చాలామంది వదిలేస్తారు. పొడవు కాడ దిండుకూ జడకూ తగిలి వంగుతూ ఉంటే, కుట్టు ఏటవాలుగా మారి పక్కన చిన్న గడ్డ లేస్తుంది. దాన్ని చూడగానే కెలాయిడ్ (మానిన గాయం మీద పెరిగే మచ్చ గడ్డ) అనుకుంటారు. కెలాయిడ్ కుట్టును దాటి పక్క చర్మం మీదికి పెరుగుతూ పోతుంది. ఈ చిన్న గడ్డ మామూలుగా ఒరుసుకోవడం వల్ల వచ్చేది, ఒరుపు ఆగితే తగ్గిపోతుంది.

ఉగాదికి తమ్మెలు నొప్పి లేకుండా అయ్యాయి. తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, పైకుట్టుకు ఆరు నెలల నుంచి ఏడాది. మెత్తటి ఎముకకు సొంత రక్తనాళాలు ఉండవు, పైపొర నుంచే పోషణ అందాలి. చర్మం కూడా బయటి నుంచి లోపలికి మానుతుంది. పైన ఎండిన పచ్చి ఇటుకలాగే లోపల తడి ఉంటుంది. అందుకే నొప్పి పోయిందని కమ్మ మార్చకూడదు.

ఎండాకాలమే అసలు పరీక్ష. స్కూటీ మీద వెళ్లేటప్పుడు మొహానికి చున్నీ కట్టుకుంటాం కదా, దాని పోగు కాడకు తగులుకుంటే ప్రాణం పోతుంది. నూలు చున్నీ వదిలి, పోగులు లేవని నున్నటి గుడ్డ వాడా. హెల్మెట్ పట్టీలు రెండు వైపులా బాగా లాగి, చెవికి తగలకుండా పెట్టుకోవాలి. తలస్నానం అయ్యాక చివర్లో కాచి చల్లార్చిన నీళ్లు చెవి మీద పోసుకుంటా. మా బోరు నీళ్లు ఆరితే కాడ మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. పడుకోవడానికి నడుమ ఖాళీ ఉన్న ప్రయాణం దిండు, చెవి ఆ ఖాళీలో ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం ఆలస్యం చేయొద్దు. తమ్మె బాగుండి పైచెవి ఎర్రగా, వేడిగా ఉబ్బి, ముట్టుకోనివ్వకపోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎముక పొరకు ఇన్ఫెక్షన్ పడితే చెవి ఆకారమే పోతుంది. కమ్మ మనమే తీసేయకూడదు, పైన పూడుకుపోతే చీము లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు శ్రావణం. పెళ్లిళ్లకు బంగారం పెట్టుకోమని అమ్మ పోరు. తమ్మెల్లో 916 హాల్‌మార్క్ కమ్మలు పెట్టా. వన్ గ్రామ్ గోల్డ్ మాత్రం పెట్టను, పూత కింద నికెల్ ఉంటే దురద పుడుతుంది. మన మరకమ్మల కాడకు మర బయటే ఉంటుంది, దూర్చేటప్పుడు లోపలి చర్మాన్ని గీస్తుంది. సెలైన్‌తో తడిపి, తిప్పకుండా మెల్లగా దూర్చా. పైకుట్టులో టైటానియమే, కనీసం సంక్రాంతి దాకా. ఈలోగా, మర లేకుండా నున్నటి కాడతో చిన్న బంగారు కమ్మ చేస్తారేమో పాతూరు ఆచారిని అడగాలి.