గోంగూర పచ్చడి, చీజ్, రెండు బ్రెడ్ ముక్కలు

జులై వచ్చిందంటే మా ఇంట్లో మధ్యాహ్నం పూట కుక్కర్ కూత పెద్దగా వినపడదు. స్కూళ్లకు సెలవులు, బయట ఎండ మండిపోతూ ఉంటుంది, పెరట్లో టమాటాలు, వంకాయలు, బీరకాయలు ఒకేసారి విరగకాస్తాయి. పిల్లలిద్దరూ బుట్ట పట్టుకెళ్లి కోసుకొస్తారు, బ్రెడ్ తీస్తారు, ఆ రోజు ఏది దొరికితే అది అందులో పెట్టుకుంటారు. గోంగూర పచ్చడి మీద చీజ్. కాల్చిన వంకాయ పచ్చడి మీద పచ్చి ఉల్లిపాయ చక్రాలు. బీరపొట్టు పచ్చడి రాసి, వెన్న వేసి పెనం మీద ఎర్రగా కాల్చిన బ్రెడ్. మా బంధువుల్లో కొందరికి ఇది వింతగా ఉంటుంది. నాకు మాత్రం వాళ్లు అలా చేసుకుని తింటుంటే చూడటం ఎంతో ఇష్టం.

మేముండేది అమెరికాలోని నార్త్ కరోలినాలో, రాలీ పక్కన కేరీలో. ఇక్కడి నేల ఎర్ర బంకమట్టి. వాన పడితే చెప్పులకు అంటుకుని వదలదు, ఎండితే గునపం దిగదు. పైగా పుల్లమట్టి, అంటే ఆమ్ల గుణం ఎక్కువ, సున్నం కలపాలి. ఎంత కలపాలో తెలియాలంటే రాష్ట్ర వ్యవసాయ శాఖ వాళ్లకు మట్టి పంపిస్తే పరీక్ష చేసి చెప్తారు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఆ పరీక్ష ఉచితం. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఇక గోంగూర, దొండ, బీర మే నెల వచ్చి నేల వెచ్చబడేదాకా నాటి లాభం లేదు.

శాండ్‌విచ్‌ల సంగతి మొదలైంది మాత్రం గోంగూరతో కాదు, టమాటాతో. అమెరికా దక్షిణాది వాళ్లకు ఎండాకాలంలో టమాటా శాండ్‌విచ్ అంటే ప్రాణం. మెత్తటి తెల్ల బ్రెడ్, రెండు ముక్కలకూ దట్టంగా మయొనైజ్, మధ్యలో వేలెడు మందాన కోసిన టమాటా, ఉప్పు, మిరియాల పొడి. అంతే. మయొనైజ్ కూడా ఏదో ఒకటి అంటే ఒప్పుకోరు, డ్యూక్స్ కావాలి. యుజీనియా డ్యూక్ అనే ఆవిడ సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో 1917లో సైనికులకు శాండ్‌విచ్‌లు చేసి అమ్మిందట, ఆమె చేతి మయొనైజే ఇప్పటికీ ఆ పేరుతో దొరుకుతోంది. మా పక్కింటి పెద్దావిడ ఇదంతా చెప్పి, మా అమ్మాయికి చెరొకీ పర్పుల్ టమాటా మొక్క ఒకటి ఇచ్చింది. ఊదా ఎరుపు కలిసిన పెద్ద కాయ, లోపల కండ ఎక్కువ. ఈ రకానికి ఆ పేరు పెట్టింది కూడా చాలా ఏళ్లు మా రాలీలో ఉన్న క్రెయిగ్ లెహూలియర్ అనే టమాటాల పెంపకందారు. 1990లో టెన్నెసీ నుంచి ఒకాయన ఆయనకు ఆ విత్తనాలు పోస్టులో పంపించాడు. అమ్మాయికి ఈ కథ నోటికి వచ్చు, ఇంటికి ఎవరొచ్చినా చెప్తుంది.

ఆ ఏడాది మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. అమ్మ గుడ్డు తినదు, మయొనైజ్‌లో గుడ్డు ఉంటుంది. "అమ్మమ్మా, మరి నీకెట్లా?" అని అమ్మాయి దిగాలు పడిపోయింది. "దానికేముందే బంగారం, పెరుగు వడకట్టు" అంది అమ్మ. పల్చటి గుడ్డలో పెరుగు మూటకట్టి సింకు కొళాయికి వేలాడదీసింది. సాయంత్రానికి గట్టిపడిన ఆ పెరుగులో కాస్త ఉప్పు కలిపి బ్రెడ్‌కి రాసి, టమాటా పేర్చి, పైన కందిపొడి చల్లి, నాలుగు చుక్కలు నెయ్యి వేసింది. కందిపొడి టమాటా నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బ్రెడ్ నానిపోదు, పైగా వేయించిన పప్పు కమ్మదనం. ఇప్పుడు మా ఇంట్లో టమాటా శాండ్‌విచ్ అంటే అదే. పక్కింటావిడ కూడా ఒక సీసా కందిపొడి పట్టుకెళ్లింది.

గోంగూర దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. పచ్చడి పులుపు, కారం బ్రెడ్‌లో మరీ పైకి తేలతాయి. మనం అన్నంలో దానికి వెన్నో నెయ్యో, పచ్చి ఉల్లిపాయో ఎందుకు తోడు పెట్టుకుంటామో అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. మొజరెల్లా లాంటి చప్పటి చీజ్ కావాలి. పాత చెడ్డార్ వేస్తే రెండు పులుపులూ కొట్టుకుంటాయి. పచ్చడి నూనె కారకుండా గట్టిగా ఉండాలి, ఉల్లిపాయ పల్చగా తరగాలి, బ్రెడ్ కాస్త తియ్యగా ఉంటే ఇంకా మంచిది. సన్నటి మంట మీద కాలుస్తుంటే వేడికి కరిగిన చీజ్, ఆకుపచ్చ పచ్చడి కలిసి అంచుల్లోంచి కొద్దిగా బయటికొచ్చి పెనం మీద కరకరలాడే అట్టు కడతాయి. ఆ అట్టు కోసం పిల్లలు వంతులు వేసుకుంటారు.

ఆ గోంగూరను కాపాడింది కూడా వాళ్లే. జూన్‌లో జపనీస్ బీటిల్స్ అనే పురుగులు వస్తాయి, ఆకుపచ్చ తల, రాగిరంగు వీపు. మందార జాతి మొక్కలంటే వాటికి మహా ఇష్టం, గోంగూర ఆకును ఈనెలు మాత్రం మిగిల్చి తినేస్తాయి. మందు కొట్టడం నాకిష్టం లేదు. పొద్దున్నే చల్లటి వేళ అవి మందకొడిగా ఉంటాయి, కింద సబ్బునీళ్ల గ్లాసు పెట్టి కొమ్మ కదిపితే అందులో పడిపోతాయి. చిన్నోడు నిద్ర లేవగానే చేసే పని అది. అంత కష్టపడి కాపాడుకున్న ఆకు పళ్లెంలోకి వస్తే వాడు వద్దంటాడా?

ఇక్కడ పిల్లల్ని పెంచే మనవాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే బాధ: మా వాడు పచ్చడి ముట్టడు, కూర చూస్తే మొహం తిప్పుకుంటాడు. చాలామంది ఇళ్లల్లో చూశాను, డైనింగ్ టేబుల్ దగ్గర రోజూ యుద్ధం. అన్నంలో కలుపుకుని తింటేనే మన తిండి తిన్నట్టు అన్న పట్టింపు వదులుకోమని నేను గట్టిగా చెప్తాను. గోంగూర రుచి నాలుకకు అలవాటు కావాలి, అది ముద్దలో వచ్చినా బ్రెడ్‌లో వచ్చినా తేడా ఏముంది? పప్పు, పచ్చడి, పొడి, పెరుగు ఎందుకు ఒకదానికొకటి తోడుగా ఉంటాయో వాళ్లకు అర్థమైతే, వాళ్ల సొంత కలయికలు వాళ్లే కనిపెట్టుకుంటారు. మా అమ్మాయి ఈమధ్య దొండకాయ వేపుడు మిగిలితే, పొడుగాటి బన్నులో పెట్టి పైన నిమ్మకాయ పిండుకుని తింటోంది. అడిగితే నాక్కూడా చేసిపెడుతుంది.

స్కూలు తెరిచాక మాత్రం జాగ్రత్త పడాలి. వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లలు క్లాసులో ఉంటారు, కాబట్టి పల్లీలు వేసిన పచ్చడి బాక్సులో పెట్టను. ఇక్కడి చట్టం ప్రకారం 2023 జనవరి 1 నుంచి ముఖ్యమైన అలర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా నువ్వులు కూడా చేరాయి. మన బీరపొట్టు పచ్చడికి నువ్వులే కదా ప్రాణం. అందుకని బాక్సు కోసం విడిగా మినప్పప్పు, శనగపప్పు వేయించి రుబ్బుతాను. రుచి కాస్త వేరు, అయినా బాగుంటుంది. పక్కవాడి ప్రాణానికి ఏది హానో తెలుసుకుని వండటం కూడా పిల్లలు నా దగ్గర నేర్చుకోవాల్సిందే.

బీరకాయ గురించి చెప్పకపోతే చిన్నోడు ఊరుకోడు. డెక్ (చెక్క అరుగు) కమ్మీలకు పాకిన ఆ తీగ పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకు తేనెటీగలు తక్కువ. వాడు మగపువ్వు కోసి, రేకులు తుంచి, వెనకాల వేలెడంత పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో నెమ్మదిగా రుద్దుతాడు. ఏ పువ్వుకు చేశాడో గుర్తుగా ఎర్ర ఊలు దారం కడతాడు. పిందె నిలిస్తే వీడియో కాల్‌లో అమ్మమ్మకు చూపిస్తాడు. "ముదరనివ్వకు నాన్నా, లేతగా ఉన్నప్పుడే కొయ్యి" అని అక్కడినుంచి అమ్మ.

అక్టోబరు చివరికి మంచు భయం మొదలవుతుంది. పొద్దు తగ్గేకొద్దీ గోంగూర పూతకు వచ్చేస్తుంది కాబట్టి అంతకుముందే ఆకంతా దూసి, వేయించి, ముద్దచేసి ఫ్రీజర్‌లో చిన్న చిన్న డబ్బాల్లో పెడతాం. ఒక్కో డబ్బా నాలుగు శాండ్‌విచ్‌లకు సరిపోతుంది. దొండతీగను మొదలు దాకా కత్తిరించి కుండీతో సహా గ్యారేజీలోకి చేరుస్తాం. వచ్చే ఏడు చిక్కుడు వేద్దామని చిన్నోడు పట్టుబట్టాడు. ఇక్కడ అది పూతకొచ్చేసరికి చలి కూడా వచ్చేస్తుంది, అందుకే తొందరగా కాసే రకం గింజలు ఎక్కడ దొరుకుతాయో వెతుకుతున్నాం. ఈలోపు అల్లం పచ్చిమిర్చి వేసిన చిక్కుడుకాయ కూరకు ఏ బ్రెడ్ బాగుంటుందో అక్కాతమ్ముళ్లు ఇప్పటినుంచే వాదించుకుంటున్నారు.