రాస్ప్‌బెర్రీ పై నుంచి పాత డబ్బా టీవీకి అసలైన 240పీ: నా అనుభవం

నింటెండో ఎన్‌ఈఎస్, సెగా మెగా డ్రైవ్ లాంటి పాత గేమ్ కన్సోళ్లు టీవీకి పంపేది దాదాపు 240 లైన్ల బొమ్మ. సెకనుకు 60 సార్లు, ప్రతిసారీ అవే లైన్ల మీద గీస్తుంది. దీన్నే 240పీ అంటారు. టీవీ ప్రసారాల్లో మాత్రం బేసి లైన్లు ఒకసారి, సరి లైన్లు ఒకసారి వస్తాయి. అది 480ఐ, మన పాల్ పద్ధతిలో అయితే 576ఐ. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ-ఏవీ కన్వర్టర్ తగిలిస్తే వచ్చేది కూడా ఈ రెండో రకమే. అందుకే అలా ఆడిన మారియోలో ఇటుకల అంచులు వణుకుతాయి, లైన్ల మధ్య ఉండాల్సిన సన్నని నల్ల సందులు కనిపించవు. టీవీలో ఏ లోపమూ ఉండదు. దానికి అందే సిగ్నలే వేరు.

240పీ నేరుగా ఇవ్వగల చవకైన దారి రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న, ఒకే బోర్డు కంప్యూటర్ (ఇకపై దీన్ని ‘పై’ అంటాను). దాని 3.5 మిల్లీమీటర్ల జాక్‌లోనే ఆడియోతో పాటు కాంపోజిట్ వీడియో (టీవీ పసుపు ఏవీ పిన్నుకి వెళ్లే సిగ్నల్) కూడా ఉంటుంది. పై 4లోనూ ఆ జాక్ ఉంది కానీ టీవీ అవుట్‌ని కాన్ఫిగ్ ఫైల్లో విడిగా ఆన్ చేయాలి. పై 5లో జాకే తీసేశారు, బోర్డు మీద టంకం పెట్టుకోవాల్సిన చుక్కలు మాత్రం మిగిలాయి. కాబట్టి ఈ పనికి నేను 3 దగ్గరే ఆగాను. సాఫ్ట్‌వేర్, పాత గేములు ఆడించే రెట్రోపై 4.8. కొత్త రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో వాడే పూర్తి కేఎంఎస్ అనే డిస్‌ప్లే డ్రైవర్, కింద చెప్పే టీవీ సెట్టింగులను పట్టించుకోదు. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు.

సెకండ్ హ్యాండ్‌లో టీవీ కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది, వెనకో ముందో పసుపు ఏవీ పిన్ను ఉందా. రెండోది, 60 హెర్ట్జ్ తీసుకుంటుందా. మన టీవీలు పాల్ కోసం చేసినవే అయినా ఏవీలో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌ల 60 హెర్ట్జ్ టీవీ పద్ధతి) తీసుకునేవి చాలా ఉన్నాయి. బొమ్మ నిలబడి రంగు రాకపోతే 3.58 మెగాహెర్ట్జ్ రంగు డీకోడర్ లేదని అర్థం. బొమ్మే పైకీ కిందికీ దొర్లుతుంటే 60 హెర్ట్జ్‌ని పట్టుకోలేకపోతోందని అర్థం. మూడోది, 100 హెర్ట్జ్ అని రాసున్న మోడళ్లు వద్దు. అవి బొమ్మని లోపల డిజిటల్‌గా మార్చి దాచుకుని చూపిస్తాయి, బటన్ నొక్కిన తర్వాత ఆలస్యం తెలిసిపోతుంది. అరగంట ఆన్‌లో ఉంచి ఫోకస్ కరిగిపోవట్లేదని చూసుకున్నాకే డబ్బులివ్వండి. వెనక మూత మాత్రం విప్పొద్దు. రంగుల పిక్చర్ ట్యూబ్ మీద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా కొంత నిలిచే ఉంటుంది.

ఇప్పుడు కేబుల్. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి వైరింగ్ మాత్రం ఒకేలా ఉండదు. రాస్ప్‌బెర్రీ పై జాక్‌కి సరిపోయే పిన్నులో కొస నుంచి వరుసగా ఎడమ ఆడియో, కుడి ఆడియో, గ్రౌండ్, వీడియో ఉండాలి. పాత హ్యాండీక్యామ్‌ల కేబుళ్లు కొన్నింటిలో వీడియో స్థానం వేరు. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. ఒక ముల్లు పసుపు పిన్ను మధ్య కడ్డీకి, రెండోది 3.5 పిన్నులో ప్లాస్టిక్‌కి ఆనుకుని ఉన్న చివరి భాగానికి ఆనించండి. బీప్ వస్తే వీడియో సరే. పసుపు పిన్ను బయటి రేకు నుంచి, 3.5 పిన్నులో ఆ చివరి భాగానికి ముందున్న రింగుకి బీప్ వస్తే గ్రౌండూ సరే. గ్రౌండ్ సరిగ్గా ఉండి వీడియో మాత్రం ఎరుపు పిన్నుకి వెళ్తుంటే భయం లేదు, ఎరుపుని టీవీ పసుపు రంధ్రంలో పెడితే సరిపోతుంది. గ్రౌండే తారుమారైతే ఆ కేబుల్ పక్కన పెట్టేయాలి.

బూట్ విభాగంలోని కాన్ఫిగ్ ఫైల్లో ఎస్‌డీటీవీ మోడ్ విలువ 16 పెట్టాలి. అది ప్రోగ్రెసివ్ ఎన్‌టీఎస్‌సీ, అంటే మన 240పీ. విలువ 0 అయితే మామూలు 480ఐ, 2 అయితే పాల్, 18 అయితే ప్రోగ్రెసివ్ పాల్. ఎస్‌డీటీవీ యాస్పెక్ట్ 1 పెడితే 4:3. హెచ్‌డీఎంఐ ఇగ్నోర్ హాట్‌ప్లగ్ కూడా 1 చేయాలి. లేకపోతే హెచ్‌డీఎంఐ వైరు ఉన్నప్పుడు ఏవీలోకి ఏమీ రాదు. ఓవర్‌స్కాన్‌ని ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే బొమ్మని కుదిస్తుంది, ఆ కుదింపుతో లైన్ల లెక్క మొత్తం పోతుంది.

ఇక రెట్రోపైలో గేములను నడిపే రెట్రోఆర్క్ ప్రోగ్రాంలో పని, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. 240పీలో ఉన్నా రాస్ప్‌బెర్రీ పై తన ఫ్రేమ్‌బఫర్‌ని (బొమ్మని సిద్ధం చేసుకునే మెమరీని) 720x480గానే ఉంచుకుంటుంది. కాబట్టి గేములోని ప్రతి లైనూ అందులో కచ్చితంగా రెండు లైన్లు కావాలి. యాస్పెక్ట్ రేషియోని కస్టమ్ చేసి, 240 లైన్ల గేముకి ఎత్తు 480, వై స్థానం 0 ఇచ్చాను. 224 లైన్ల గేముకి ఎత్తు 448, వై 16. ఈ వై విలువ సరి సంఖ్యే కావాలి. బేసి సంఖ్య వేస్తే జంట లైన్లు విడిపోయి పక్కవాటితో కలుస్తాయి.

వెడల్పు 640, ఎక్స్ 40. ఊహించి వేసిన అంకె కాదిది. ఎన్‌ఈఎస్ 256 చుక్కలూ (పిక్సెళ్లూ), మెగా డ్రైవ్ 320 చుక్కలూ ఒక్కో లైనులో తీసుకునే సమయం సుమారు 47.7 మైక్రోసెకండ్లే. రాస్ప్‌బెర్రీ పై సెకనుకు చుక్కలు పంపే 13.5 మెగాహెర్ట్జ్ లెక్కలో అది 644 చుక్కలు, 640కి దాదాపు అంతే. 320కి ఇది సరిగ్గా రెట్టింపు. 256కి మాత్రం రెండున్నర రెట్లు, అందుకని పక్కకి స్క్రోల్ అవుతుంటే సన్నని నిలువు గీతలు మినుకుమంటాయి. షార్ప్ బైలీనియర్ సింపుల్ అనే షేడర్ (బొమ్మని సర్దే చిన్న ప్రోగ్రాం) పెడితే ఆ మినుకు పోతుంది, నిలువుగా రెండు రెట్లు అలాగే ఉంటుంది. మామూలు బైలీనియర్ ఫిల్టర్, థ్రెడెడ్ వీడియో రెండూ ఆఫ్. పాత టీవీ తెరని అనుకరించే సీఆర్‌టీ షేడర్లు అసలే వద్దు, ఎదురుగా ఉన్నది నిజమైన ట్యూబే.

ఇంత శ్రమకి ఫలితం చూడాలంటే సోనిక్ మొదటి లెవల్ జలపాతం దగ్గర ఆగండి. ఎల్‌సీడీ మీద అది నిలువు చారల జల్లెడ. చుక్క విడిచి చుక్క వేసిన ఆ చారల పౌనఃపున్యం 3.36 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీ రంగు సంకేతానికి బాగా దగ్గర. టీవీలోని ఫిల్టర్ దాన్ని మింగేయడంతో చారలు కలిసిపోయి నీళ్లు పారదర్శకంగా మారి వెనకున్న కొండ కనిపిస్తుంది. గీసినవాళ్లు ఏవీ వైరుని దృష్టిలో పెట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

క్యాసెట్లు పెట్టి ఆడిన టీవీ గేము వేగమే కావాలంటే దారి వేరు. పాల్ టీవీల కోసం తయారైన ఎన్‌ఈఎస్ క్లోన్లలో (నకలు మెషీన్లలో) ఒక ముఖ్యమైన రకం 50 హెర్ట్జ్‌లో నడిచేది, సంగీతం శ్రుతి మాత్రం దాదాపు మారేది కాదు, వేగమే ఆరింట ఐదు వంతులకి తగ్గేది. రెట్రోఆర్క్‌లో ఎన్‌ఈఎస్ గేములు నడిపే ఎఫ్‌సీఈయూఎంఎం కోర్‌లో రీజియన్‌ని డెండీ (అలాంటి ఒక క్లోన్ పేరు) అని పెట్టి, టీవీని మోడ్ 18కి మార్చితే అదే నడక వస్తుంది. 60 హెర్ట్జ్ తీసుకోని టీవీ ఉన్నవాళ్లకి కూడా ఇదే పరిష్కారం.

బొమ్మలో అడ్డంగా మందపాటి నీడలు నెమ్మదిగా పాకుతుంటే ముందు వెనకున్న కేబుల్ టీవీ వైరు పీకి చూడండి. ఆ వైరు గ్రౌండూ రాస్ప్‌బెర్రీ పై అడాప్టర్ గ్రౌండూ కలిసి లూప్ అయితే హమ్ అనే ఈ నీడలు వస్తాయి. తెర మూలన మెరుపు గుర్తు వస్తే అది అడాప్టర్ సమస్య, 5 వోల్టులు 2.5 ఆంపియర్లు ఇచ్చేది వాడాలి.

ఆర్కేడ్ గేముల్లో కొన్ని ఈ అమరికకి లొంగవు. ఆర్-టైప్ 55 హెర్ట్జ్, మోర్టల్ కాంబాట్ 54.7. రెట్రోఆర్క్ మామూలుగా 5 శాతం తేడా వరకే సర్దుతుంది, ఇక్కడ తేడా 8 శాతం దాటింది. స్క్రోలింగ్‌లో చిన్న కుదుపు ఉంటుంది. దానికి లైన్ల వేగాన్ని గేముకి తగ్గట్టు మార్చగల గ్రాఫిక్స్ కార్డు, 15 కిలోహెర్ట్జ్ డ్రైవర్ ఉన్న పీసీ కావాలి.