వియ్యపురాలి ముత్తాత ఊరికి

మా వియ్యపురాలిది కెనడాలో ఒంటారియో. మా పెద్దమ్మాయి వాళ్లబ్బాయిని చేసుకున్న కొత్తలో నన్ను ఏమని పిలవాలో తెలియక తికమక పడుతుంటే, అమ్మాయే "వదినగారూ" అనడం నేర్పింది. ఇప్పుడు ఫోన్‌లో ఆ ఒక్క మాటా తెలుగులో అని, మిగతాదంతా ఇంగ్లీషులో గబగబా చెప్పేస్తుంది. ఆమె ముత్తాత 1855లో స్కాట్లాండ్‌లోని కిరీమ్యూర్‌లో పుట్టి, చంకబిడ్డగా కెనడా చేరాడట. ఒంటారియోలో ఆయన సమాధి రాయి మీద ఊరి పేరు, ఏడు ఉన్నాయి. అంతకు ముందు కథ ఎవరికీ తెలియదు.

"స్కాట్లాండ్ వెళ్లి వెతుకుదాం, మీరు తోడు రండి వదినగారూ, పాత రిజిస్టర్లు చదవడం మీకు చేతనైన పని కదా" అంది. నిజమే. చీరాలలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీలు వెతకడంలోనే నా సర్వీసంతా గడిచింది. ఒకరి ఆస్తి వెనక ఒకరి పేరు, దాని వెనక ఇంకొకరి పేరు పట్టుకుని వెనక్కి నడవడం బాగా తెలిసిన పనే. కందిపొడి, చింతకాయ పచ్చడి సర్దుకుని బయల్దేరాను.

ఎడింబరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు కొసన జనరల్ రిజిస్టర్ హౌస్ ఉంది. రాబర్ట్ ఆడమ్ గీసిన భవనం, 1774లో శంకుస్థాపన. ముందు గుర్రం మీద వెల్లింగ్టన్ డ్యూక్ విగ్రహం. దేశంలోని కాగితాలు దాచుకోవడానికే అంత భవనం కట్టారంటే నాకు కాస్త అసూయ వేసింది. మా ఆఫీసులో వానొస్తే బీరువాల మీద టార్పాలిన్ కప్పేవాళ్లం. లోపల పాత రికార్డులు చూసుకునే స్కాట్లండ్స్ పీపుల్ సెంటర్‌లో రోజుకు ఇంత అని కట్టి సీటు తీసుకోవాలి. మేం వెళ్లినప్పుడు పదిహేను పౌండ్లు. కట్టాక వేరే ఖర్చు లేకుండా సాయంత్రం దాకా ఎన్ని పేజీలైనా చూడొచ్చు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వెతికితే పేజీకింత అని లెక్క పెరుగుతూనే ఉంటుంది.

ఒక్క నిరాశ. పుస్తకాలు చేతికివ్వరు. అన్నీ స్కాన్ చేసిన బొమ్మలే. పక్కనున్న న్యూ రిజిస్టర్ హౌస్ గోపురం కింద అంతస్తులు అంతస్తులుగా అసలు వాల్యూములు ఉంటాయట. పుట్టుకలకు ఎర్ర అట్ట, మరణాలకు నల్ల అట్ట, పెళ్లిళ్లకు ఆకుపచ్చ అట్ట. వాసన చూడందే నాకు పాత కాగితం చదివినట్టుండదు. ఏం చేస్తాం, తెర ముందు కూర్చున్నాం.

ముత్తాత పుట్టుక ఏడు చెప్పగానే బల్ల దగ్గరి ఉద్యోగి కళ్లు మెరిశాయి. కారణం ఉంది. స్కాట్లాండ్‌లో ప్రభుత్వం జనన మరణాల నమోదు మొదలుపెట్టింది 1855 జనవరి 1న. మొదటి ఏడాది ఉత్సాహంలో అడగగలిగినవన్నీ అడిగారు. తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన ఊళ్లు, పెళ్లి ఎప్పుడు ఎక్కడ అయింది, అంతకుముందు పుట్టిన పిల్లల్లో బతికున్నవాళ్లు ఎందరు, పోయినవాళ్లు ఎందరు. రాసేవాళ్ల ప్రాణం తోకకొచ్చింది కాబోలు, మరుసటి ఏడు నుంచే చాలా గడులు తీసేశారు. పెళ్లి తేదీ 1861లో మళ్లీ వచ్చింది కానీ తోబుట్టువుల లెక్క రాలేదు. ఏ కొత్త ఫారమైనా మొదట ఇలాగే బండెడు ప్రశ్నలతో వస్తుంది. మనకేమైనా కొత్తా?

ఆ నమోదులో తండ్రి చేమగ్గం నేతగాడు. తల్లి వయసు ముప్పై ఆరు, ఆమె పుట్టింటి పేరుతో సహా ఉంది. పెళ్లి 1839లో, కిరీమ్యూర్‌లోనే. ఆ కింద: ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు బతికి ఉన్నారు, ఒక మగపిల్లవాడు లేడు.

మా వదినగారు ఆ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయింది. నలుగురి పేర్లూ వాళ్లింట్లో తెలుసు. ఐదోవాడి మాట ఎవరూ అనగా వినలేదు. తర్వాత వాడికోసం ఎంత వెతికినా ఇంకెక్కడా కనపడలేదు. రెండు జనాభా లెక్కల మధ్య పుట్టి పోయి ఉండాలి. అప్పటికి మరణాల నమోదు లేదు. మరి చర్చి పుస్తకంలో బాప్టిజం అయినా ఉండాలి కదా? అక్కడే చిక్కు. 1840లో, 1842లో పుట్టిన పెద్దపిల్లలిద్దరి బాప్టిజాలు పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) రిజిస్టరులో చక్కగా దొరికాయి. తర్వాతివాళ్లవి లేవు. 1843లో చర్చి చీలిపోయింది. పాస్టర్లను నియమించే హక్కు భూస్వాములకు ఎందుకుండాలన్న గొడవ. సుమారు 1200 మంది పాస్టర్లలో 474 మంది జీతం, ఇల్లు వదులుకుని బయటికొచ్చి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. వాళ్ల వెంట నడిచిన జనం పిల్లల పేర్లు పాత పుస్తకాల్లోకి రాలేదు. మన నేతగాడూ అటే నడిచినట్టున్నాడు.

ఈ పారిష్ రిజిస్టర్లను నమ్ముకుంటే అన్నీ దొరుకుతాయనుకోకూడదు. అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎర్రల్ ఊరిది, 1553 నుంచి ఉంది. కొన్ని ఊళ్లకు పద్దెనిమిదో శతాబ్దం దాకా ఏమీ లేదు. మన ఊళ్ల కైఫియతులు, అంటే ఊరి చరిత్రలు రాయించిన కాలిన్ మెకంజీ గుర్తొచ్చాడు. ఆయన ఇక్కడివాడే, లూయిస్ దీవిలోని స్టోర్నోవే. మన కరణాల కవిలెలు ఊరూరా తిరగేయించిన ఆ మనిషి పుట్టిన ఏడు 1753 అని కొందరు, 1754 అని కొందరు అంటారు.

నేతగాడి తండ్రి బాప్టిజం కూడా దొరకలేదు. 1788 ప్రాంతంలో ఉండాలి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, 1783 నుంచి 1794 దాకా రిజిస్టరులో రాసే ప్రతి పుట్టుకకు, పెళ్లికి, చావుకు మూడు పెన్నీల స్టాంపు డ్యూటీ వేశారట. స్టాంపు డ్యూటీ అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. డ్యూటీ వేస్తే జనం ఏం చేస్తారో నన్నడగాలి! రాయించడం మానేశారు. నిరుపేదలకు మినహాయింపు ఉంది, కానీ నిరుపేదనని ఒప్పుకోవడం కంటే రాయించకపోవడమే నయమనుకున్నవాళ్లు ఎందరో. ఆ వైపు దారి అక్కడితో మూసుకుపోయింది.

అసలు కథ ఆడవాళ్ల వైపు నడిచింది.

జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు ఒక్కొక్కటిగా నమోదై మిగిలింది 1841 నుంచి. ఆ ఏడు పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును దాని కిందున్న ఐదు గుణిజానికి దింపి రాసుకోమన్నారు. అందుకే ఇరవై ఎనిమిదేళ్ల నేతగాడు అందులో ఇరవై ఐదు, పదేళ్ల తర్వాత ముప్పై ఎనిమిది. ఇది తెలియక వేరే మనిషనుకుని వదిలేసేవాళ్లు ఉంటారు. 1851 లెక్కల్లో ఎవరికెవరు ఏమవుతారో కూడా రాశారు. నేతగాడు, భార్య, నలుగురు పిల్లలు, చివర్లో ఆయన అత్తగారు. అత్తగారి వివాహ స్థితి గడిలో: అవివాహిత.

వదినగారు పిల్లల పేర్లు రాసుకుంటోంది. నేను ఆ గడి మీద వేలు పెట్టాను. పెళ్లికాని అత్తగారా? పైగా తల్లి ఇంటిపేరు వేరు, కూతురి పుట్టింటి పేరు వేరు. ఆఫీసులో ఇలాంటిది కనిపిస్తే సంతకం పెట్టేవాళ్లం కాదు.

1819 బాప్టిజాలు తీశాం. కూతురు తండ్రి పేరుతోనే ఉంది, పక్కన అక్రమ సంతానమని గుమాస్తా రాసి పెట్టాడు. అక్కణ్ణుంచి కర్క్ సెషన్ మినిట్స్‌కు వెళ్లాం. కర్క్ సెషన్ అంటే పాస్టరూ ఊరి పెద్దలూ కూర్చునే చర్చి పంచాయితీ. పెళ్లికాకుండా కడుపొస్తే అమ్మాయిని పిలిచి ఎవరని అడిగేవాళ్లు. పాతరోజుల్లో ఆదివారాలు అందరి ముందూ పశ్చాత్తాపపు పీట మీద నిలబెట్టేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దానికి చాలాచోట్ల అది మందలింపుకీ జరిమానాకీ దిగింది. చేతిరాత కష్టమే కానీ విషయం తేటగా ఉంది. అమ్మాయికి ఇరవయ్యేళ్లు, ఒక పొలంలో పనిమనిషి. అదే పొలంలో నాగలి దున్నే కుర్రాడి పేరు చెప్పింది. అతను మొదట కాదన్నాడు, తర్వాతి సమావేశంలో ఒప్పుకున్నాడు. బిడ్డ పోషణకు డబ్బివ్వమన్నారు.

పాపం పుణ్యం ఒక ఎత్తు, డబ్బు ఒక ఎత్తు. 1845లో చట్టం మారేదాకా ఊరి పేదల పోషణ ఈ సెషన్ చేతిలోనే ఉండేది. తండ్రి తేలకపోతే ఆ బిడ్డ భారం చర్చి పెట్టె మీద పడుతుంది. అందుకే అంత పట్టుదలగా అడిగారు, అంత పట్టుదలగా రాశారు. చదువుతుంటే నాకు మొహం చిట్లింది. వదినగారు మాత్రం పకపకా నవ్వి, "మా నాయనమ్మకు ఈ సంగతి తెలిసుంటే రికార్డులు తగలబెట్టేది" అంది.

కుటుంబం 1857లో ఓడెక్కింది. 1861 లెక్కల్లో ఆ ముసలామె ఒక్కతే ఉంది, కిరీమ్యూర్‌లో సౌత్‌మ్యూర్ అనే పేటలో. వృత్తి దగ్గర మగ్గాలకు కండెలు చుట్టడం. ఆ ఏడు స్కాట్లాండ్ లెక్కల్లో కొత్త గడి ఒకటి పెట్టారు, కిటికీ ఉన్న గదులు ఎన్ని అని. ఆమెకు ఒకటి.

1868లో చనిపోయింది. నమోదు చేయించింది పక్కింటామె. చదువు రాదు కనుక సంతకం చోట అడ్డగీతల గుర్తు. కానీ చనిపోయినావిడ తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు, అన్నీ చెప్పింది. అక్కడ పెళ్లైన ఆడదాని పుట్టింటి పేరు కాగితాల్లోంచి పోదు. పెళ్లిలో, పిల్లల పుట్టుకలో, ఆఖరికి చావులో కూడా వెంట వస్తుంది. ఈ ఒక్క అలవాటు వల్లే మేం ఆడవాళ్లను పట్టుకుని ఇంకో తరం వెనక్కి పోగలిగాం. మా ఆఫీసులో "ఫలానావారి భార్య" అని రాసిన ఆడవాళ్లెందరో నా చేతి మీదుగా వెళ్లారు. మా అమ్మమ్మ తల్లిది ఏ ఇంటిపేరో నాకు తెలియదు. వదినగారు అడిగితే ఏం చెప్పను?

తర్వాత రైలెక్కి డండీ. దారిలో ఫోర్త్ వంతెన, ఆపైన టే నది వంతెన. టే మీద మొదటి వంతెన 1879 డిసెంబరు 28 రాత్రి తుఫానులో రైలుతో సహా కూలిపోయింది. దాని పాత స్తంభాల మొదళ్లు ఇప్పటికీ నీళ్లలో వరసగా కనిపిస్తాయి. డండీ నుంచి బస్సు.

కిరీమ్యూర్ ఎర్ర ఇసుకరాయి ఇళ్ల చిన్న ఊరు. ఇరుకు సందులు, వెనక కొండలు. ఒకప్పుడు ఇంటింటా మగ్గమే. నేసింది అవిసె నారతో ముతక బట్ట. అందులో చాలా భాగం అమెరికాకు, వెస్టిండీస్‌కు వెళ్లింది, తోటల్లోని బానిసలకు కట్టించడానికి. మా చీరాల ప్రాంతపు రుమాళ్లు ఆఫ్రికా దాకా పోయినట్టే ఇదీను. నేసినవాడికి అది ఎవరి ఒంటి మీదికి పోతుందో తెలిసేదా అని ఇద్దరం అనుకున్నాం.

నేతగాళ్ల ఇల్లు ఎలా ఉండేదో చూడాలంటే పీటర్ పాన్ కథ రాసిన బారీ 1860లో పుట్టిన ఇల్లు ఉంది. ఆయన తండ్రీ నేతగాడే. కింద మగ్గం, పైన కాపురం. గుమ్మాలు దాటేటప్పుడు నాబోటి పొట్టిదానికే తల వంచాలనిపించింది.

సౌత్‌మ్యూర్‌లో ఆ ముసలామె ఉన్న గది ఏదో తేల్చలేం. లెక్కల పుస్తకంలో ఇంటి నంబరు లేదు. సమాధి కోసమూ చూశాం. పాత రాళ్ల మీద అక్కడక్కడా నేతగాళ్ల గుర్తుగా నాడె చెక్కి ఉంది. చేతితో తడిమితే నునుపుగా తగిలింది. ఆమె పేరున రాయి లేదు. కండెలు చుట్టి బతికిన ఒంటరి మనిషికి రాయి ఎవరు వేయిస్తారు?

బేకరీలో నేను తినదగ్గది మాకరోనీ కూరి కాల్చిన "పై" ఒక్కటే. బయట బెంచీ మీద కూర్చుని, ఎవరూ చూడకుండా కాస్త కందిపొడి చల్లుకుని తిన్నాను. వదినగారు తినలేదు. ఉన్నట్టుండి కోపంగా అంది: "అంత పెద్ద వయసులో తల్లిని ఒక్కదాన్నే ఎలా వదిలి వెళ్లారు? మనసెలా ఒప్పింది?"

"రమ్మని అడిగే ఉంటారు. ఆవిడే రానని ఉంటుంది" అన్నాను.

"మీకెలా తెలుసు?"

"నన్నూ మా అమ్మాయి టొరంటో వచ్చెయ్యమని ఏటా అడుగుతుంది."

ఇంకేమీ అనలేదు. చేయి చాచి నా పొట్లంలోంచి కందిపొడి తీసుకుంది. కారానికి దగ్గొచ్చి, రెండు గుటకల్లో టీ అంతా తాగేసింది.

ఇప్పుడు ఆమెకు ఆ నాగలి దున్నే కుర్రాడి మీద పడింది ధ్యాస. వాడెవడు, ఆ తర్వాత ఎవర్ని చేసుకున్నాడు, వాడి తరఫు చుట్టాలు ఇంకా ఉన్నారా అని. పొలం పనివాళ్లు ఆరు నెలలకో ఏడాదికో ఒప్పందం తీరగానే ఇంకో పొలానికి, ఇంకో పారిష్‌కు మారిపోయేవాళ్లు. చుట్టుపక్కల పారిష్‌లన్నీ గాలించాలి. పైగా అతని పేరున్నవాళ్లు జిల్లా నిండా ఉన్నారు. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం వాళ్లలో ఆనవాయితీ. మన ఇళ్లలో తాత పేరు పెట్టుకున్నట్టే ఒక్క తాతకు ఐదుగురు మనవలు అదే పేరుతో తిరుగుతుంటారు. కష్టం అన్నాను. వినదు. వచ్చే ఏడు ఫిబ్రవరిలో టికెట్లు చవక, మీరూ రావాలి వదినగారూ అంటోంది. ఎండాకాలం అయితేనే వస్తానని చెప్పాను.